పాస్ చేసిన పదకొండు

మా ఆఫీసులో టెస్టింగ్ గదికి కిటికీలు లేవు. మిట్టమధ్యాహ్నం లోపలికి వెళ్ళినా, తలుపు మూసుకుంటే పగలో రాత్రో తెలియదు. పైన లైట్లు మూడు వరసలు. వాటికి స్విచ్చులు లేవు. కింద మనిషి కదిలితే ఆ వరస వెలుగుతుంది, పది నిమిషాలు ఎవరూ కదలకపోతే ఆరిపోతుంది. గంటల తరబడి ఒక్క తెరనే చూస్తూ కూర్చునే జాతి మాది కాబట్టి రోజుకి నాలుగైదుసార్లు చీకటి పడేది. ఎవరో ఒకరు తిట్టుకుంటూ చెయ్యి పైకెత్తి ఊపితే మళ్ళీ వెలుగు వచ్చేది.

ఆ గదికి నేను పెద్దదాన్ని. పదహారేళ్ళ అనుభవం. నా గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ తెచ్చి నా ముందు పెట్టినా పది నిమిషాల్లో దాని లొసుగు పట్టేసేదాన్ని. నోరు కూడా అంతే పదును. నా దగ్గర నెల్లాళ్ళు నిలబడ్డవాళ్ళు ఎక్కడైనా బతికేస్తారని మా మేనేజరు పెద్దసారు అందరితో అనేవాడు. అది పొగడ్తో కాదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

మేం చూసేది మందు పంపు. ఆపరేషన్ చేసేటప్పుడు మత్తుమందు సిరంజిలో నింపి ఇందులో బిగిస్తే, చుక్క చుక్కగా రోగి ఒంట్లోకి పంపే చిన్న పెట్టె. గంటకి ఎంత వెళ్ళాలన్నది మా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అది సరిగ్గా చూసుకుంటోందని చివర సంతకం పెట్టాల్సింది నేను.

ఆ రోజు సెలవు. ఆఫీసులో గేటు దగ్గర కాపలాదారు తప్ప నరపురుగు లేదు. కొత్త వెర్షన్‌కి ఆఖరి తనిఖీ ఒకటి మిగిలి ఉంటే మధ్యాహ్నం రెండింటికి వచ్చి కూర్చున్నాను. అసలు నేనుండాల్సింది ఆసుపత్రిలో. నాలుగింటికి మా చెల్లికి ఆపరేషన్. పిత్తాశయంలో రాళ్ళు, అంతకు మించి ఏం లేదు. నువ్వు వచ్చి చేసేదేముంది అక్కా, పని చూసుకుని సాయంత్రం రా అని అదే పంపించేసింది. ఆ ఆసుపత్రి కూడా నేను చెప్పిందే. అక్కడ మా పంపులు వాడతారు, కళ్ళు మూసుకుని పడుకోవచ్చు అని గొప్పగా చెప్పాను. దాని ఆరేళ్ళ కూతుర్ని నాలుగు రోజులుగా మా ఇంట్లోనే ఉంచుకున్నాను. ఆ పిల్లకో సరదా. పొద్దున్నే మా ఇంట్లో బరువు కాటా ఎక్కి, పెద్దమ్మా ఎంతున్నాను అని అరుస్తుంది. పందొమ్మిది అంటే ఇరవై ఎప్పుడవుతానని ఏడుపు మొహం పెడుతుంది.

మూడున్నర దాటింది. తప్పుల లిస్టులో ఒక పాత బగ్ పైకొచ్చింది. దాని పక్కన ఎర్రటి అక్షరాలు. రీఓపెన్.

ఆ బగ్‌ని ఏడాదిన్నర కిందట మూసేసింది నేనే. దాన్ని రాసింది నత్త.

నత్త అంటే మా దగ్గర పనిచేసిన అమ్మాయి. ఆ పేరు నేనే పెట్టాను, అందరూ అదే పిలిచారు. మిగతావాళ్ళు రోజుకి నలభై టెస్టులు చేస్తే అది ఆరు చేసేది. టెస్టు అంటే మా భాషలో ఒక చిట్టా. ఈ స్టెప్ తరవాత ఈ స్టెప్ చెయ్యమని వరసగా ఉంటుంది. కింద రెండు గడులు, అనుకున్న ఫలితం, వచ్చిన ఫలితం. నత్త ఒక్కో స్టెప్ కాగితం మీద రాసుకుని, చేసి, పెన్సిల్‌తో టిక్కు కొట్టి, నంబరు గొణుక్కుని, అప్పుడు తరవాతి దానికి వెళ్ళేది. పెన్సిల్ పట్టీ పట్టీ మణికట్టు నొప్పని రోజంతా బామ్ రాసుకునేది. గది గదంతా బామ్ కంపు. టెస్టులు చెయ్యడానికి వచ్చావా, పురాణం రాయడానికి వచ్చావా అని పదిమందిలో అడిగేదాన్ని. తల వంచుకునేది. నాకు ఇంకా ఒళ్ళు మండేది.

ఓ రోజు అది నా దగ్గరికి వచ్చి, సిరంజి మొత్తం ఒక్కసారిగా ఖాళీ అయింది మేడమ్ అంది. గంటల తరబడి చుక్కలుగా పోవాల్సిన మందు ఒక్క గుటకలో పోయిందన్నమాట. మళ్ళీ చేసి చూపించమన్నాను. రాలేదు. మా పనిలో మొదటి నీతి అది. తప్పు పట్టుకుంటే చాలదు, అడిగినవాడి కళ్ళముందు మళ్ళీ రప్పించాలి, దాన్నే రీప్రొడ్యూస్ అంటాం. లేకపోతే అది తప్పు కాదు, నీ కల. మూడు వారాలు అదే పట్టుకుని వేలాడింది. ఆరు స్టెప్పులు రాసింది, ఆ తరవాత ఏం చేశానో గుర్తు రావడం లేదు మేడమ్, ఒక్క వారం ఇవ్వండి అని బతిమాలింది. అవతల సాఫ్ట్‌వేర్ పంపాల్సిన తేదీ నెత్తి మీదుంది. రీప్రొడ్యూస్ కావడం లేదు అని రాసి ఆ బగ్ మూసేశాను.

ఇంకో పని కూడా చేశాను. ఆ బగ్ చుట్టూ ఉన్న టెస్టులు పదకొండు దాని పేరు మీద మిగిలిపోయాయి. అది చేసుకుంటూ కూర్చుంటే ఇంకో పది రోజులు పడుతుంది. భోజనానికి వెళ్ళినప్పుడు దాని కంప్యూటర్ తెరిచే ఉంది. దాని లాగిన్‌లోనే పదకొండింటికీ వరసగా పాస్ కొట్టేశాను. ఒక్కటీ చెయ్యలేదు. రెండు నిమిషాల పని.

నాలుగు నెలలకి ఎక్కడో ఒక ఆసుపత్రిలో ఒక ముసలాయన ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. సిరంజి ఖాళీ. నర్సుది తప్పన్నారు. అయినా మా దగ్గర కూడా విచారణ పెట్టారు. ఆ టెస్టులు పాస్ చేసిందెవరని పెద్దసారు అడిగితే, తెర మీద ఉన్న పేరు చూపించాను. నేను చెయ్యలేదు సార్ అని అది ఏడ్చింది. నావైపు చూసింది. నేను ఫైలు చూసుకుంటున్నాను. ఆ సాయంత్రమే పంపించేశారు, ఇంకెక్కడా ఉద్యోగం దొరకలేదు. మూడు నెలలకి లారీ కింద పడి పోయిందని తెలిసింది. పడిందో, అడ్డంగా నిలబడిందో నేను అడగలేదు.

ఇప్పుడు ఆ బగ్ మళ్ళీ తెరుచుకుంది. తెరిచినవారు అన్న చోట దాని పేరే ఉంది. దాని లాగిన్ తీసేసి ఏడాది అయింది. ఎవడో వేళాకోళం చేస్తున్నాడనుకుని పళ్ళు నూరుకున్నాను. వివరం తెరిచాను. అప్పుడు ఆరు స్టెప్పులే ఉండేవి, ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి.

మొదటి రెండూ మామూలువే. సిరంజిలో యాభై మిల్లీలీటర్ల నీళ్ళు నింపాలి, గొట్టం చివర కాటా మీదున్న గ్లాసులో పెట్టాలి. ఎంత నీరు దిగిందో గ్లాసు బరువే చెబుతుంది. మూడోది రోగి వివరాలు. మేం ఉత్తుత్తి రోగుల్ని కల్పించి రాస్తాం. అక్కడ ఆడమనిషి, ముప్పై మూడేళ్ళు, అరవై ఒక్క కిలోలు అని ఉంది. చెల్లికీ ముప్పై మూడే. ఆ వయసువాళ్ళు లోకంలో ఎంతమంది లేరు అనుకున్నాను.

ఏడో స్టెప్ దగ్గర నా చూపు ఆగిపోయింది. పాజ్ నొక్కి పది నిమిషాలు ఆగాలి. అంతే. పది నిమిషాలు! మేమెవ్వరం పాజ్ నొక్కి అర నిమిషం కూడా ఆగం, ఎవరికి తీరిక? అంతసేపు ఊరికే ఆగేది నత్త ఒక్కతే. టిక్కులు కొట్టుకుంటూ, మణికట్టుకి బామ్ రాసుకుంటూ. ఆపరేషన్ గదిలోనూ అంతసేపు ఆపుతారు. డాక్టరు ఏదో చూసుకోవాల్సి వస్తే ఆపుతారు, ఎందుకు ఆపరు.

టైము మూడూ నలభై ఆరు. ఆసుపత్రిలో చెల్లి దగ్గరున్న మరిదికి, దాని మొగుడికి, ఫోన్ చేశాను.

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు వదినా. ఇంకా మొదలుపెట్టలేదు" అన్నాడు మెల్లగా. "ఏంటి, ఏమైంది?"

నాలుక చివర దాకా వచ్చింది. ఆ పంపు వద్దని చెప్పు, వేరేది పెట్టమని చెప్పు. చెబితే ఎందుకని అడుగుతారు. ఎందుకని చెబితే నీకెలా తెలుసంటారు. అక్కణ్ణించి పదకొండు పాస్‌ల దాకా ఎంత దూరం? పైగా చేతిలో రుజువేది? రుజువు లేకుండా నోరు విప్పినవాళ్ళని పదహారేళ్ళుగా నేను ఎలా ఆడుకున్నానో నాకు తెలుసు. ముందు ఒక్కసారి ఇక్కడ చేసి చూద్దాం, నిజంగా వస్తే అప్పుడు చెబుదాం, పావుగంటలో తేలిపోతుంది అనుకున్నాను.

"ఏం లేదు, ఊరికే" అన్నాను.

గబగబా సిరంజి నింపాను. గొట్టం గ్లాసులో పెట్టాను. కాటా సున్నా చేశాను. రోగి వివరాలు చిట్టాలో ఉన్నవే కొట్టాను. స్పీడు గంటకి ఐదు మిల్లీలీటర్లు. స్టార్ట్. ప్లగ్ పీకేసి బ్యాటరీ మీదకి మార్చాను. అన్నీ దాని స్టెప్పులే, దాని వరసలోనే. మూడూ యాభై నాలుగుకి పాజ్ నొక్కాను.

ఎనిమిదో స్టెప్: లైటు ఆరేదాకా కదలకూడదు.

ఇలాంటి స్టెప్ ఎవరైనా రాస్తారా? లైటుకీ పంపుకీ ఏం సంబంధం? కానీ ఆ అమ్మాయి అలాగే చేసి ఉంటుంది కదా. స్టెప్ వదిలేస్తే తప్పు రాదు, రాకపోతే రుజువు ఉండదు. కదలకుండా కూర్చున్నాను.

గదిలో చప్పుడు లేదు. పంపు మీద పచ్చటి చుక్క వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. ఏసీ ఆగిపోయింది. మెడ మీద చెమట జారుతున్నా తుడుచుకోలేదు. బల్ల మీద ఫోన్ వెలిగింది. మరిది మెసేజ్. మొదలుపెట్టారు వదినా. చెయ్యి చాపితే అందేంత దూరం. చాపితే లైటు ఆరదు, మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. చాపలేదు.

నాలుగూ నాలుగు. లైట్లు ఆరిపోయాయి.

ముందుగా వాసన వచ్చింది... బామ్ వాసన. ఘాటుగా, అప్పుడే ఎవరో మూత తీసినట్టు. కళ్ళు మండాయి. ఏడాదిగా ఆ గదిలో ఎవరూ బామ్ రాసుకోలేదు.

తరవాత మూడో వరస లైట్లు వెలిగాయి. నా మీదవి కావు. గది చివర, నత్త సీటు మీదవి. మనిషి కదిలితేనే వెలిగే లైట్లు.

అక్కడ కుర్చీ ఖాళీగా ఉంది.

టిక్.

పెన్సిల్ చప్పుడు. కాగితం మీద చిన్నగా, తీరుబడిగా...

"ఎనిమిది" అంది ఎవరో, గొణుక్కున్నట్టు.

లేచి పారిపోవాలి. తలుపు ఆరడుగుల దూరంలో ఉంది. కానీ ఒక్క స్టెప్పే మిగిలింది. ఒక్కటే. చీకట్లో ప్లగ్ పెట్టి స్టార్ట్ నొక్కాలి. ఇంత దూరం వచ్చాక ఆగడం నా వల్ల కాలేదు. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో చెల్లి గుర్తు లేదు. వస్తుందా రాదా... అదొక్కటే.

మూడో వరస కూడా ఆరిపోయింది. ఈసారి గొంతు నా చెవి పక్కనే వినిపించింది.

"చూడాలని ఉంది కదా మేడమ్."

ప్లగ్ పెట్టాను, నేను కదిలినా లైట్లు వెలగలేదు. నొక్కాను.

పంపు ఒక్కసారి మూలిగింది. సిరంజి పిడి సర్రున కిందికి దిగిపోయింది. యాభై మిల్లీలీటర్లు, రెండు క్షణాల్లో. వచ్చింది! అని పైకే అన్నాను. సిగ్గులేకుండా అన్నాను. చెయ్యి ఊపితే లైట్లు వెలిగాయి. రుజువు కోసం కాటా వంక చూశాను.

సున్నా.

గ్లాసు ఎత్తి చూశాను. పొడిగా ఉంది. వేలు పెట్టి తడిమాను. ఒక్క చుక్క లేదు. గొట్టం చివర గ్లాసులోనే ఉంది. బల్ల పొడి, నేల పొడి. సిరంజి ఖాళీ. ఆ నీళ్ళు ఎటు పోయాయి?

తెర మీద నేను ఏమీ కొట్టకుండానే గడులు నిండుతున్నాయి. ఒక్కో అక్షరం, మెల్లగా.

అనుకున్న ఫలితం: మేడమ్ ఫోన్‌లో నిజం చెబుతారు.

వచ్చిన ఫలితం: ఏం లేదు, ఊరికే అన్నారు.

రీప్రొడ్యూస్ అయింది.

నాలుగుంపావుకి ఫోన్ మోగింది. మరిది ఏడుస్తున్నాడు. తరవాత ఆసుపత్రి కాగితాల్లో చదివాను. మొదలుపెట్టిన కాసేపటికే డాక్టరు ఏదో చూసుకోవాలని పంపు ఆపించాడు. పది నిమిషాల తరవాత దానంతటదే మొదలై ఒక్కసారిగా ఖాళీ అయింది. ఎవరూ నొక్కలేదని ముగ్గురు నర్సులు సాక్ష్యం చెప్పారు. టైము నాలుగూ ఆరు. రోగి బరువు అరవై ఒక్క కిలోలు. నొక్కిన వేలు నాకు తెలుసు, రోజూ దాంతోనే అన్నం కలుపుకుంటున్నాను.

పెద్దసారు ఆ పంపుని మా గదికి తెప్పించి వెయ్యిసార్లు నడిపించాడు. పాజ్ నొక్కి పది నిమిషాలు ఆపించాడు, గంట ఆపించాడు, ఏమీ రాలేదు. లిస్టులో ఆ బగ్ రీఓపెన్ అయినట్టు గుర్తే లేదు. సార్, నా కళ్ళారా చూశాను, ఇంకొక్క వారం ఇవ్వండి అన్నాను. నా నోటి నుంచి వచ్చిన ఆ మాటలు ఎవరివో నాకు గుర్తొచ్చింది. ఆయన జాలిగా చూసి, ఇంటికెళ్ళి పడుకోమ్మా అన్నాడు. రీప్రొడ్యూస్ కావడం లేదు అని రాసి మూసేశాడు. పదకొండు పాస్‌ల సంగతి అప్పుడూ చెప్పలేదు.

పిల్ల ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. వాళ్ళ నాన్న ఇంకా మనిషి కాలేదు. అమ్మ ఎప్పుడొస్తుందని మొదటి వారం అడిగింది, తరవాత మానేసింది. నా కొంగు పట్టుకుని తిరుగుతుంది. దాని మొహంలో చెల్లి చిన్నప్పటి మొహం ఉంది. చూడలేను, చూడకుండా ఉండలేను.

ఈ రోజు పొద్దున ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. పదకొండు టెస్టుల లిస్టు దానంతటదే వచ్చింది. మొదటిదాని పక్కన పాస్ పోయి ఫెయిల్ అని ఉంది. రెండోదాని పక్కన, నడుస్తోంది. కింద తొమ్మిది ఇంకా పాస్‌లోనే ఉన్నాయి.

రెండోది తెరిచాను. రోగి వివరాలు: ఆడపిల్ల. ఆరేళ్ళు. పందొమ్మిది కిలోలు.

అప్పుడే పిల్ల పక్కగది నుంచి పరిగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, నేను ఇరవై అయిపోయాను."

"ఎవరు చూశారమ్మా?"

"ఆ అక్క చూసింది. కాగితం మీద రాసుకుంది." ముక్కు చిట్లించింది. "అక్క చేతులు కంపు పెద్దమ్మా."

తెర వైపు తిరిగాను. పందొమ్మిది లేదు. ఇరవై అని ఉంది.

పిల్లని ఒళ్ళోకి లాక్కుని పెద్దసారుకి ఫోన్ చేశాను. చెప్పేస్తాను. ఆ పదకొండూ నేనే కొట్టానని చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ, జైల్లో వేస్తే వెయ్యనీ. మూడు రింగులకి ఆయన ఎత్తాడు. చెప్పమ్మా, ఏంటి అన్నాడు. పక్కగదిలో పెన్సిల్ టిక్కుమంది.

నోరు తెరిచాను. చూపు మాత్రం తెర మీదే ఉంది. అనుకున్న ఫలితం కింద, వచ్చిన ఫలితం అన్న గడి అప్పటికే నిండి ఉంది: ఏం లేదు, ఊరికే అన్నారు.

నేనింకా ఒక్క మాట కూడా అనలేదు.